నాలుగో నంబరు దూది

పిల్లను జైనబీ చేతుల్లోంచి అందుకోగానే సెలిన్ చేసే మొదటి పని ముద్దు పెట్టుకోవడం. చూసేవాళ్ళకు అది ముద్దే. లోపల మాత్రం అది సోదా. పెదాలు పిల్ల బుగ్గకు ఆనించి, ముక్కుతో నోటి మూల దాకా గాలి లాగేది. మెడ మడతలో ఒకసారి, గౌను ముందు భాగాన ఒకసారి. మూడూ అయ్యాకే, "ఏం చేసిందక్కా ఇవాళ?" అని అడిగేది.

"ఏం చేస్తాది మ్మా! తినింది, ఆడుకునింది, పండుకునింది. రెండు గంటలు కదల్లేదు చూడు, బంగారు," అనేది జైనబీ.

ఆ రెండు గంటల నిద్రే సెలిన్‌కు అరికాలి ముల్లు. ఇంట్లో జెన్ని పగటిపూట అరగంట పడుకుంటే అది పండగ. భుజాన వేసుకుని గదంతా తిరగాలి, తెలిసిన పాటలన్నీ పాడాలి, చివరికి తల్లికి నిద్ర ముంచుకొస్తుంది గాని పిల్లకు రాదు. అలాంటి పిల్ల కింది అంతస్తులో, పరాయి చాప మీద, ఎవరూ జోకొట్టకుండా రెండు గంటలు ఎలా పడుకుంటుంది? దానికి తోడు ఆ వాసన.

అది తగలడం మొదలై పది రోజులైంది. తియ్యగా ఉంది, చేదుగానూ ఉంది, అడుగున తడిమట్టిలాంటిదేదో ఉంది. సబ్బు కాదు, పాలు కాదు, బిస్కట్టు కాదు. ఏదో మందు. ఆ మాట మనసులో పడిందో లేదో దానికి కాళ్ళూ చేతులూ మొలిచాయి. పిల్లల్ని చూసుకునే ఆడవాళ్ళు కొందరు గొడవ లేకుండా ఉంటుందని దగ్గుమందు పట్టి నిద్రపుచ్చుతారట. ఈ సంగతి చర్చిలో ఎవరో ఎవరితోనో చెబుతుంటే సెలిన్ చెవిన పడింది. ఇదీ అదే. దగ్గుమందే. ఇంకేమవుతుంది?

జెన్నికి ఏడాదిన్నర దాటింది. ఇంతవరకు ఒక్క మాట రాలేదు. అమ్మ లేదు, నాన్న లేదు, తాత అసలే లేదు. వేలు చూపించడం, ఊ అనడం, కోపం వస్తే నేల మీద పడి దొర్లడం, అంతే. రోజూ మందు పోస్తే పసిబుర్ర మొద్దుబారదా? మాట ఎలా వస్తుంది? ఇలా ఒక అనుమానం ఇంకోదాని చెయ్యి పట్టుకుని నడుస్తుంటే సెలిన్ వాటి వెనకాల నడిచింది.

పోనీ నేరుగా అడుగుదామా అంటే, జైనబీ కోపగించి కాదన్న రోజున పిల్లను చూసే మనిషి లేదు. మనిషి లేకపోతే మస్కట్‌లో ఆ చివరనున్న ఖురం పేటకు పనికి వెళ్ళేది లేదు. అడక్కుండా ఊరుకుంటే పిల్ల గతేమిటి? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మొగుడితో చెప్పి చూసింది. నోవహు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వార్డు టెక్నీషియను. ఏ మాటకైనా ఆసుపత్రి పద్ధతిలోనే జవాబు చెబుతాడు. నాటుమందు అన్న మాట వింటే కస్సుమంటాడు. పిల్ల పుట్టిన కొత్తలో సెలిన్ ఏదో కాయ అరగదీసి పోద్దామంటే, "నా ఇంట్లో ఆ పిచ్చి వేషాలు కుదరవు" అని వారం రోజులు సాధించాడు. అలాంటివాడు ఈ మందు సంగతి వింటే నిప్పులు చెరుగుతాడనుకుంది.

నోవహు టీ కప్పు కింద పెట్టి, "పిల్ల బానే ఉందిగా. నీకన్నీ అనుమానాలే సెలినూ. ఆవిడ మంచిది," అని తలుపు వైపు చూశాడు.

"మంచిదో చెడ్డదో తర్వాత సంగతండీ. వాసనొస్తోంది అంటున్నాను."

"ఏ వాసనా రావట్లేదు. నీ డ్యూటీ వాసన నీ ముక్కులో ఉండిపోయుంటది."

అంత తేలిగ్గా తీసేస్తాడనుకోలేదు. ఆ కోపమంతా ఆయన టీ కప్పు మీద చూపించింది. ఆ కప్పు అడుగున గరుకుగా ఉండే అంచు చుట్టూ గోధుమరంగు మరక. ఎంత తోమినా మూడో రోజుకు మళ్ళీ వచ్చేది. టీ మరకలకు కూడా తనంటే లోకువే.

*

ఖురంలో ఆ పని దొరకడమే ఒక విచిత్రం. సెలిన్‌ది భీమవరం దగ్గర పల్లె. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానిపించి రొయ్యల ఫ్యాక్టరీకి పంపారు. చలి హాల్లో నిలబడి నాలుగేళ్ళు రొయ్యల తలలు తీసింది. పుస్తకాల చదువు ఆగిపోయింది గాని అక్కడ ఇంకో చదువు అబ్బింది. పెట్టె మూత తియ్యగానే ఏది ఈ పూట సరుకో, ఏది నిన్నటి సరుకో ముక్కుతోనే చెప్పేది.

ఆ ముక్కు సముద్రం దాటి ఇక్కడ పనికొచ్చింది. ఓర్నెల్లా అనే ఇటలీ ఆవిడ ఖురంలో ఒక చిన్న పనిగది పెట్టుకుని సాంబ్రాణిలాంటి లుబాన్ బంకతో, కొండమీది గులాబీనీళ్ళతో అత్తర్లు చేస్తుంది. సెలిన్ సీసాలకు చీటీలు అంటించే పనికి చేరింది. రెండో వారంలో, లుబాన్ మూట ఒకటి విప్పుతుంటే, "మేడమ్, ఇందులో తడి తగిలిన గింజలున్నాయి," అంది, ఉండబట్టలేక. గుమ్మరించి చూస్తే మూట అడుగున గుప్పెడు గింజలు బూజుపట్టి ఉన్నాయి. మర్నాటి నుంచి మేడమ్ ఆమెను వాసన బల్ల దగ్గర కూర్చోబెట్టింది. నువ్వు పనికొస్తావని ఒక మనిషి తనకు చెప్పడం సెలిన్ పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

మేడమ్ హిందీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడేది గాని వాసన బల్ల దగ్గర ఆ రెండూ పనికిరావనేది. "ఇంగ్లీషువాళ్ళకు ఒకటే మాట, స్మెల్. గులాబీదీ స్మెల్, చెత్తకుండీదీ స్మెల్. ఆ మాటతో నేను వంట చెయ్యలేను." అందుకని తన భాషలో మాటలు నేర్పింది. సెలిన్ వాటిని తెలుగు అక్షరాల్లో నోటుబుక్కులో రాసుకుంది.

ప్రొఫూమో అంటే పరిమళం. పుత్సా అంటే కంపు. ఈ రెంటి మధ్య ఒదోరె, అంటే ఊరికే వాసన. మంచీ కాదు, చెడూ కాదు, ఇంకా తీర్పు చెప్పనిది. తాన్ఫో అంటే వానాకాలం మూసి ఉంచిన ట్రంకుపెట్టెలో బట్టలకు పట్టే ముక్కవాసన. లేద్జో అంటే జిడ్డూ మురికీ కలిసి తేలే కంపు. తలుపు తియ్యగానే గుప్పుమని మొహాన కొట్టేది ద్జఫ్ఫాతా.

మొదట్లో ఇటలీవాళ్ళ తెలివికి ఆశ్చర్యపోయింది. రాసుకుంటూ పోగా, మనమేం తక్కువ తిన్నామనిపించింది. కమురు, మాడు, పాచి, పచ్చి, నీచు. వీటిలో నీచుకు సరైన మాట మేడమ్ దగ్గర లేదు. చేపది వేరు, గుడ్డుది వేరు అని మేడమ్ వాదిస్తే, "రెండూ నీచే మేడమ్. కడగని గిన్నెలో గుడ్డు సొన ఎండితే వచ్చేది, చేపలబుట్టలోంచి వచ్చేది, ఒక తల్లి పిల్లలే," అంది సెలిన్. మేడమ్ ఆలోచించి తన పుస్తకంలో తన అక్షరాల్లో 'నీచు' అని రాసుకుంది.

పక్కబల్ల మీద పెట్టెలు కట్టే మల్లీశ్వరి ఇదంతా చూసి నవ్వేది. ఆమెది నిజామాబాద్ వైపు. మొగుడు సైట్‌లో మేస్త్రీ. "వాసన జూసుడు గూడ డ్యూటేనా! మా అత్త సూడాలె నిన్ను. నా కూర మూత దీసి వాసన జూడంగనే వంకలు వెట్టేది. గామెకు గూడ ఈ మేడమ్ నౌకరి ఇస్తుండె."

వాసన తగిలింది అనడానికి మేడమ్ 'సెంతీరె' అనేది. చెవితో వినడానికీ వాళ్ళకు ఆ మాటే చెల్లుతుందట. మనం వాసన చూస్తాం, వాళ్ళు వాసన వింటారన్న మాట. సెలిన్‌కు అది నచ్చింది.

బల్ల దగ్గర రెండు కట్టుబాట్లు ఉండేవి. మొదటిది, ముక్కు దగ్గర పెట్టినదాని పేరు చెప్పకూడదు. ఎలా ఉందో చెప్పాలి గాని ఏమిటో చెప్పకూడదు. "పేరు పెట్టావా, ముక్కు తలుపేసుకుంటుంది. ఆ తర్వాత వాసన చూసేది నువ్వు కాదు, ఆ పేరు," అనేది మేడమ్. రెండోది, ఎన్ని కాగితప్పుల్లలు పరీక్షకు పెట్టినా వాటిలో ఒకటి దేంట్లోనూ ముంచనిది ఉండాలి. ఆ ఖాళీ పుల్లలో కూడా ఏదో ఉందని చెప్పావంటే ఆ రోజు నీ ముక్కు అబద్ధమాడుతోందని లెక్క.

*

ఆ బుధవారం సెలిన్ చెప్పకుండా గంట ముందే వచ్చేసింది. చేస్తుండగా పట్టుకోవాలంటే వేళకాని వేళ వెళ్ళాలి.

జైనబీ తలుపు తీసింది. ఆమెది కడప. మస్కట్ వచ్చి ఇరవై ఏళ్ళయింది. మొగుడు రువీ బజార్లో దర్జీ, అరబ్బులు తొడిగే పొడుగు అంగీలు, దిష్‌దాషాలు కుడతాడు. పొద్దున కొట్లో, మధ్యాహ్నం ఇంట్లో పని. ముందుగదిలో మిషను టకటకలాడుతోంది. దాని పక్కనే చాప మీద జెన్ని చేతులు చాపి పడుకుని ఉంది.

"అట్ల నిలబడినావే, కూర్చో. నీళ్ళు తెస్తా," అంది జైనబీ.

"నేనే తాగుతాలెండి అక్కా," అని సెలిన్ వంటగదిలోకి దూరింది. నీళ్ళ కోసం కాదు. సింకులో పిల్ల చెంచా వాసన చూసింది. గిన్నె వాసన చూసింది. పై అర తలుపు తీసింది. ఉప్పు, కారం, వాము, వెనకాల ఒక నల్లటి సీసా. దాన్ని బయటికి లాగింది. మూత తిప్పి ముక్కు దగ్గర పెట్టుకుంది. దగ్గుమందే. కానీ, ఇక్కడే చిక్కొచ్చింది, పిల్ల నోటి వాసన ఇది కాదు. దీనిలో పుదీనా ఘాటుంది, దానిలో మట్టి ఉంది.

"ఏం ఎతుకుతాండావు మ్మా?"

వెనక్కి తిరిగితే గుమ్మంలో జైనబీ.

"పంచదార..." అంది సెలిన్, సీసా చేతిలోనే ఉండగా.

"అది మా ఆయన మందు. పోయిన నెల దగ్గు పట్టుకునింటే తెచ్చినాం." జైనబీ వచ్చి సీసా తీసుకుని, మూత బిగించి, అరలో పెట్టి తలుపు వేసింది. "నీ బిడ్డకు నేనేమన్నా పోస్తాండానని అనుమానమా?"

లేదక్కా అనాలి. కానీ నోరు తెరిచి, "మరి పిల్ల అంతసేపు ఎందుకు పడుకుంటోంది మీ ఇంట్లో?" అనేసింది.

జైనబీ మొహం చిన్నబోయింది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. ముందుగదిలోకి వెళ్ళి, పిల్లను లేపకుండా సంచీ సర్ది, పాలసీసా కడిగి అందులో పెట్టింది. "ఈ నెల చూస్తా. మాట ఇచ్చినాను కాబట్టి చూస్తా. పై నెల నుంచి వేరే చోటు చూసుకో మ్మా. నమ్మకం లేనిచోట బిడ్డను ఇడవగూడదు, నమ్మనోళ్ళ బిడ్డను పెట్టుకోనూ గూడదు."

మిషను చప్పుడు ఆగింది. దర్జీ ఇటే చూస్తున్నాడు. జెన్ని కళ్ళు తెరిచి కెవ్వుమంది. సెలిన్ పిల్లను ఎత్తుకుని మెట్లెక్కింది. తలుపు వేసుకున్నాక మాత్రం మళ్ళీ అదే, మెడ మడతలో ముక్కు. తియ్యన, చేదు, తడిమట్టి. ఉంది. పలచగా ఉంది గాని ఉంది.

*

నిజానికి ఆ ఆదివారం నుంచే సెలిన్ ఒక పని రహస్యంగా చేస్తోంది. పిల్ల చేతికి రాగానే తడిపిన దూదితో నోటి మూలలూ మెడా తుడిచి, ఆ దూదిని చిన్న జిప్ కవర్లో వేసి, మూలన వారం పేరు రాసి, ఫ్రిజ్‌లో పెరుగు డబ్బా వెనకాల దాస్తోంది. వాసన చెడకుండా ఉండాలంటే చల్లగా ఉంచాలన్నది మేడమ్ చెప్పిన మాటే. ఆదివారం నుంచి గురువారం దాకా ఐదు కవర్లు అయ్యాయి. జైనబీ పని పడతానన్న పట్టుదల బుధవారం తర్వాత ఇంకా గట్టిపడింది. చూసుకునే మనిషి ఎలాగూ పోయింది, కనీసం నిజమన్నా దక్కాలి. తనది తప్పు కాదని తేలాలి. అంతకన్నా, పిల్ల ఒంట్లోకి ఏం పోతోందో తెలియాలి.

శుక్ర, శనివారాలు ఇక్కడ సెలవు, చర్చి శుక్రవారమే; ఆ పొద్దున సెలిన్ చర్చికి వెళ్ళింది. ఆడవాళ్ళ పాటల గుంపులో ఉంది గనుక ముందు వెళ్ళాలి. ఆ పూట జెన్నిని నోవహు చూసుకుంటాడు. తను సాయంత్రం ఆరాధనకు వెళతాడు. మధ్యాహ్నం తిరిగి వచ్చి చెప్పులు విప్పుతుంటే ఖాళీ పుల్ల గుర్తొచ్చింది. మేడమ్ కట్టుబాటు. ఏమీ లేనిది ఒకటి ఉండాలి కదా! ఇది జైనబీ గడప తొక్కని రోజే. దూది తడిపి పిల్ల నోరు తుడిచి, వాసన కూడా చూడకుండా కవర్లో వేసి, శుక్రవారం అని రాసింది. ఏమీ ఉండదని తెలిసినదాన్ని ఎవరన్నా వాసన చూస్తారా?

పెరుగు కోసం ఫ్రిజ్ తీసిన నోవహు కవర్లు చూశాడు. "ఏంటే ఇవి?"

"మా డ్యూటీవి. మేడమ్ ఇంట్లో పెట్టమంది."

"వారాల పేర్లున్నాయేంటి?"

"ఉంటాయి. మీ ఆసుపత్రిలో శాంపిళ్ళ మీద ఉండవా?"

నోవహు పెరుగు డబ్బా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆరా తీసే మనిషి ఆరా తియ్యకపోవడం వింతే. కానీ ఆ పూట సెలిన్ అనుమానమంతా కింది అంతస్తులో ఉంది, సొంత వంటగదిలోకి తిరగలేదు.

*

ఆదివారం టీ విరామంలో ఆరు దూదులూ బల్ల మీదికి వచ్చాయి. సంగతంతా విన్న మల్లీశ్వరి ముక్కున వేలేసుకుంది.

"నీ అనుమానం సల్లగుండ! దూదికి గూడ తేదీలు వెట్టినవా? పోలీసోళ్ళు గిట్ల జెయ్యరే."

"నవ్వకు వదినా. నువ్వొక సాయం చెయ్యాలి. ఇవి ఆరు చిన్న డబ్బాల్లో వేసి, ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లు వెయ్యి. ఏ నంబరు ఏ రోజుదో చీటీ మీద రాసుకుని నీ దగ్గరే ఉంచుకో. నాకు చెప్పకు. నేను ఆ గోడ వైపు తిరుగుతాను."

మేడమ్‌తో మాత్రం, ఇంటి వస్తువు మేడమ్, కొత్త వాసన, చూసి చెప్పండి అంది. మేడమ్‌కు కొత్త వాసన అంటే పసిపిల్లకు మిఠాయి చూపినట్టే. కళ్ళజోడు తీసి పక్కన పెట్టి ఎదురుగా కూర్చుంది. ఇద్దరి ముందూ చెరో కాగితం.

ఒకటో నంబరు. సెలిన్ కళ్ళు మూసుకుంది. పేరు పెట్టకూడదు, పేరు పెట్టకూడదు అనుకుంటూ పీల్చింది. 'ఒదోరె, పలచన' అని రాసింది. రెండోది కూడా అంతే. మూడోదానిలో తియ్యదనం కొంచెం తేలింది. నాలుగో డబ్బా మూత తియ్యగానే మేడమ్ నోటి వెంట ఆ మాటే వచ్చింది. "ద్జఫ్ఫాతా!"

నిజంగానే గుప్పుమంది. సెలిన్ డబ్బా తన వైపు లాక్కుంది. ఏ రోజుదో తెలియదు. తెలియదు గనుక మొట్టమొదటిసారి ఆ వాసన ఒక్కటే ముక్కులోకి వచ్చింది, జైనబీ రాలేదు, నల్లసీసా రాలేదు. తియ్యన. చేదు. చెరువుగట్టు బురద. కింద ఎక్కడో తేనె. పెన్సిలు రాస్తూ రాస్తూ ఆగింది. కళ్ళ ముందు తాటాకు చూరు కనిపించింది. నాయనమ్మ ఒళ్ళో తమ్ముడు. సానరాయి మీద ఏదో కొమ్ము అరగదీసి, తేనెలో రంగరించి, వేలితో వాడి నాలుకకు రాస్తూ, 'మాటలు రావాలి నా తండ్రికి, వసపిట్టలా వాగాలి' అంటోంది. తమ్ముడు మొహం వికారంగా పెట్టి నాలుక బయటికి తోస్తున్నాడు. దగ్గరగా కూర్చుని నవ్వుతున్న తనకు అప్పుడు ఆరేళ్ళు.

"వస," అంది సెలిన్ పైకే.

మేడమ్ అప్పటికే లేచి సొరుగుల బీరువా దగ్గరికి వెళ్ళింది. నాలుగో వరసలో ఒక సొరుగు లాగి, గణుపులు గణుపులుగా ఉన్న ఎండు కొమ్ము తెచ్చి దూది పక్కన పెట్టింది. "కాలమో," అంది. తన దేశంలో దీన్ని చేదు మద్యాల్లో వేస్తారట, అత్తరులో ఒక బొట్టు వేస్తే మిగతా వాసనలు నిలుస్తాయట. సెలిన్ కొమ్ము వాసన చూసింది. దూది వాసన చూసింది. ఇదే అది.

"ఇది మీ ఇంట్లో ఎవరు వాడతారు?" అంది మేడమ్.

"పిల్లలకు మాటలు రావడానికి నాలుకకు రాస్తారు మేడమ్, మా వైపు."

మేడమ్ మొహంలో నవ్వు పోయింది. "వద్దు. చిన్నపిల్లలకు వద్దు. నేను దీన్ని బొట్టు లెక్కన వాడతాను, అదీ ఒంటి మీదకే. డాక్టర్ని అడుగు."

దగ్గుమందు కాదు, వస. అయినా పట్టిస్తున్నది నిజమేగా! సెలిన్ ఒళ్ళు మండింది. కడప మనిషి, ముసలమ్మ పద్ధతులు, ఇంకెవరి పని? 'పై నెల నుంచి వేరే చోటు చూసుకో' అని పైగా తనకే నీతులు!

"వదినా, చీటీ తియ్యి. నాలుగో నంబరు ఏ రోజుది? బుధవారమేనా?"

మల్లీశ్వరి చీటీ విప్పింది. చదివింది. మళ్ళీ చదివింది. "నాలుగు... శుక్రవారం."

"సరిగ్గా చూడు."

"కండ్లు మంచిగనే ఉన్నయ్ నాయి. శుక్రవారమే. నీ ఖాళీ దూది గదే." చీటీ మడిచి సెలిన్ చేతిలో పెట్టి, గొంతు తగ్గించింది. "శుక్రవారం పిల్ల ఎవరి తాన ఉంటది?"

సెలిన్ చీటీ విప్పి తనే చదువుకుంది.

"ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టడంటరు. నువ్వు దూదితోని వట్టినవ్ పో," అంది మల్లీశ్వరి.

*

ఆ మధ్యాహ్నం సెలిన్ జైనబీ గుమ్మంలో పిల్లను అందుకుని, ముద్దు పెట్టుకోకుండా నిలబడింది.

"అక్కా, వస వాసన మీకు తెలుసా?"

"తెల్దా మరి! ఐదుగురిని కన్నాను," అంది జైనబీ ముభావంగా. "పదైదు దినాల నుంచి పొద్దున్నే నీ బిడ్డ నోట్లో నుంచి గుమ్మని వస్తాండాది. తల్లివి నువ్వే పెట్టి పంపుతాండావనుకుంటి. దినమూ పెట్టగూడదు మ్మా, కక్కుతారు అని చెప్దామనుకుంటి. ఈలోపల నువ్వొచ్చి నా అల్మారీ తెరిస్తివి. ఇంగ నేనేం చెప్పేది?"

పొద్దున్నే. కిందికి దింపే ముందే. ఆ ఒక్క మాట పదిరోజుల కిందట అడిగి ఉంటే దూదీ లేదు, నంబర్లూ లేవు.

"నేను కాదక్కా," అంది సెలిన్. "నాకూ ఇవాళే తెలిసింది."

జైనబీ ఆమె మొహంలోకి చూసింది. అర్థమైనట్టుంది. ఒక్కసారిగా ఫక్కున నవ్వి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "నోవహన్ననా? మొన్న మా ఆయన అల్లం కషాయం ఇస్తానంటే, సైన్సు లేదు గీన్సు లేదు అని అంత పొద్దు చెప్పి పాయె! ఆ మనిషేనా?"

"మరి నిద్ర? మీ ఇంట్లో అంతసేపు ఎలా పడుకుంటుంది?"

"మిషను. ఆయన తొక్కుతాంటే పండుకుంటాది, ఆపితే లేస్తాది. ఆ పొద్దు చూడలా నువ్వు? ఆ చప్పుడే దానికి జోలపాట." ఆగి, ఇంకో మాట కలిపింది. "చెవులు పాము చెవులు మ్మా నీ బిడ్డయి. దారం తెగిన చప్పుడుకు కూడా కనురెప్ప కొడతాది. మాటలదేముంది, వస్తాయి."

సెలిన్ ఆమె చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయింది. "చాల్లే పో," అంది జైనబీ. "పై నెల సంగతి పై నెల చూస్తాం. ఇంగ నా అల్మారీ మాత్రం తెరవద్దు."

*

నోవహు డ్యూటీ దిగి వచ్చేసరికి టీ బల్ల మీద ఆయన కప్పు బోర్లించి ఉంది. అడుగున గోధుమరంగు వలయం, పక్కన జిప్ కవర్లో దూది. నోవహు షూ విప్పడం ఆపేశాడు.

"పిల్లకు స్నానానికి నీళ్ళు పట్టే వేళన్నమాట," అంది సెలిన్. "నేను బాత్‌రూమ్‌లో ఉన్నప్పుడు. శుక్రవారాలైతే తీరిగ్గా. అవునా అండీ?"

కప్పు వైపు చూస్తూ, "అమ్మ పంపింది," అన్నాడు. "ఆవకాయ పార్శిల్లో, పసుపు గుడ్డలో చుట్టి. పడేద్దామనే అనుకున్నాను. సానరాయి కూడా లేదు కదా. కప్పు అడుగు గరుగ్గా ఉందని..."

"నేనొక కాయ అరగదీస్తానంటే వారం రోజులు నా ప్రాణం తీశారు."

"అందుకే చెప్పలేదే. ఆ మాటలన్నీ అన్న నోటితో ఎలా చెప్పను?" నోవహు తల వంచుకున్నాడు. "వార్డులో రోజూ తల్లులకు చెబుతాను. ఏం పర్లేదండీ, రెండేళ్ళ దాకా చూడాలండీ అని. ఇంటికొచ్చి పిల్లను పిలుస్తాను. వేలు చూపిస్తుంది, ఊ అంటుంది. ఆ ఊ వింటే నా చదువంతా ఎటు పోతుందో తెలీదు."

సెలిన్‌కు అరవాలని ఉంది. ఆ రోజు వాసనే లేదని మొహం మీద అబద్ధమాడాడు. ఇన్ని రోజులు ఒక పరాయి మనిషి మీద నింద పడుతుంటే చూస్తూ ఊరుకున్నాడు. ఆ రెండూ చెప్పింది. గట్టిగానే చెప్పింది. చెప్పాక, తను అనుమానించిన చోట ఏమీ లేదు, అనుమానించని చోట తన భయమే మొగుడి వేషంలో కూర్చుని ఉందని తోచి గొంతు తగ్గిపోయింది.

"రేపు కిందికెళ్ళి ఆవిడకు మీరే చెప్పాలి. నా వల్ల పడ్డ నింద సగం, మీ వల్ల పడ్డది సగం. ఆ కొమ్ము ఇటివ్వండి. మేడమ్ సొరుగులో పడేస్తాను. గురువారం డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళుతున్నాం, ఇన్ని రోజులు ఏం పెట్టామో అన్నీ చెబుతున్నాం. దాచేది లేదు."

నోవహు అటక మీది బట్టల సంచీ దించి, పసుపు గుడ్డ తీసి ఇచ్చాడు. సగం అరిగిపోయిన కొమ్ము. సెలిన్ వాసన చూసింది, మేడమ్ బల్ల దగ్గర చూసినట్టు కాదు, నాయనమ్మ ఒడి పక్కన కూర్చుని చూసినట్టు. కవర్లో వేసి ముడి వేసింది.

గురువారం డాక్టరు రెండు చెవులూ పరీక్షించాడు. బాగున్నాయన్నాడు. మాట కోసం ఇంకో మూడు నెలలు ఆగి మళ్ళీ రమ్మన్నాడు. వస సంగతి విని నోవహును మాత్రం చదువుకున్నవాడివేనా అన్నట్టు చూశాడు.

మర్నాడు శుక్రవారం. సెలిన్ చర్చికి తయారై, పిల్లను నోవహు చేతికిచ్చి, మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. నేరుగా వంటగదిలోకి వెళ్ళి, కప్పు తీసి, తిరగేసి, అడుగుకు ముక్కు ఆనించి గట్టిగా పీల్చింది.

నోవహు గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు. "చెప్పండి మేడమ్, ఏంటి రిపోర్టు?"

గిన్నెలసబ్బు, నీళ్ళు, పింగాణీ. సెలిన్ కప్పును మళ్ళీ బోర్లించింది.

"ఒదోరె," అంది. "ఇవాల్టికి."